ఆ కాల్ ఇప్పుడు ఏ లైటు కింద ఉంది?

రిసెప్షన్‌లో మొదటి రోజు నా ముందు పెట్టిన ఫోన్ చూసి ముచ్చెమటలు పట్టాయి. అంకెల బటన్లు తెలిసినవే. వాటి పక్కన నిలువుగా ఎనిమిది బటన్లు, ఒక్కోదానికి చిన్న లైటు, కింద హోల్డ్, ట్రాన్స్‌ఫర్, కాన్ఫరెన్స్, ఇంకా పేరు చెరిగిపోయిన రెండు మూడు. ఎవరూ నేర్పలేదు, "ఫోనే కదా" అని వెళ్లిపోయారు.

రెండు గంటలు తిరక్కుండానే తప్పు జరిగింది. రెండో లైన్లో ఒకాయన అకౌంట్స్ వాళ్లతో మాట్లాడాలన్నారు, "ఒక్క నిమిషం సర్" అన్నాను, అంతలో మొదటి లైను మోగడం మొదలైంది, కంగారులో హోల్డ్ నొక్కకుండా నేరుగా మొదటి లైను బటన్ నొక్కేశాను. రెండో లైను లైటు ఆరిపోయింది. ఆయన మళ్లీ చేశారు. అరవలేదు, "ఇది మూడోసారమ్మా నేను చేయడం" అన్నారు, అంతే. ఆ గొంతులో ఉన్న అలసట నాకు ఇప్పటికీ గుర్తుంది. కొన్ని ఫోన్లలో ఒక లైన్లో మాట్లాడుతూ ఇంకో లైను బటన్ నొక్కితే ఆ మాట్లాడుతున్న కాల్ కట్ అయిపోతుంది. కొన్ని సిస్టమ్స్‌లో దానంతటదే హోల్డ్‌లోకి వెళ్లేలా సెట్టింగ్ ఉంటుంది. మన ఫోన్ ఏ రకమో మొదటి రోజే కనుక్కోవాలి. నాకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

సాయంత్రం మా సీనియర్ ఒకావిడ నా పక్కన కూర్చుని ఒకే మాట చెప్పింది. "బటన్ల పేర్లు బట్టీ పట్టకు. ఆ కాల్ ఇప్పుడు ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూసుకో, చాలు." కాల్ ఉండగలిగేది మూడు చోట్లే. నా చేతిలో ఉండొచ్చు, ఇంకొకరి చేతిలో ఉండొచ్చు, ఎవరి చేతిలోనూ లేకుండా మధ్యలో వేచి ఉండొచ్చు. ఆ ఫోన్ మీదున్న బటన్లలో ముఖ్యమైనవన్నీ కాల్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడానికే ఉన్నాయి. ఈ ముక్క అర్థమయ్యాక నాకు టెన్షన్ తగ్గింది. ఆ తర్వాత ఎన్ని రకాల ఫోన్లు మారినా నేను వెతికేది అదే.

ముందు లైను అంటే ఏంటో తేల్చుకుందాం, ఎందుకంటే సగం అయోమయం ఇక్కడే ఉంది. లైను వేరు, ఫోన్ వేరు, ఎక్స్‌టెన్షన్ వేరు. బయటి ప్రపంచంతో ఒక సమయంలో ఒక సంభాషణ జరగడానికి ఉన్న దారి లైను. ఆఫీసు లోపల ఒక్కో సీటుకి ఇచ్చే చిన్న నంబరు ఎక్స్‌టెన్షన్. ఇరవై మంది ఉన్న ఆఫీసుకి నాలుగు లైన్లే ఉండొచ్చు, అప్పుడు ఒకేసారి బయటివాళ్లతో నలుగురే మాట్లాడగలరు, ఐదోవాళ్లకి లైను దొరకదు, బయటి నుంచి చేసేవాళ్లకి ఎంగేజ్ వస్తుంది. లోపల ఒకరితో ఒకరు ఇంటర్‌కామ్‌లో మాట్లాడుకోవడానికి మాత్రం ఈ నాలుగు లైన్లలో ఏదీ ఖర్చు కాదు.

లైను బటన్లు, వాటికి లైట్లు అనే పద్ధతి పాతది. అమెరికాలో బెల్ సిస్టమ్ అనే టెలిఫోన్ సంస్థ 1938లో 1ఏ అనే కీ టెలిఫోన్ సిస్టమ్ తెచ్చింది (కీ అంటే ఇక్కడ లైను బటనే), 1964లో దాని తర్వాతి తరం 1ఏ2 వచ్చింది. ఆఫీసు ఫోన్ అనగానే కళ్లముందు మెదిలే రూపం, ఒక ఎర్ర హోల్డ్ బటన్, దాని పక్కన ఐదు లైను బటన్లు, ఈ కాలం నాటిదే. అందులో ఒక్కో లైనుకి మూడు జతల తీగలు కావాలి: మాట వెళ్లడానికి ఒకటి, హోల్డ్ వ్యవహారం చూడటానికి ఒకటి, లైటు వెలగడానికి ఒకటి. అందుకే అప్పటి ఫోన్ల వెనక 25 జతల తీగలున్న లావుపాటి కేబుల్ ఉండేది. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్‌లో ఒకటి రెండు జతలతోనే పని జరిగిపోయింది, ఎందుకంటే ఏ లైటు వెలగాలో సంకేతంగా పంపితే ఫోనే అర్థం చేసుకుని వెలిగిస్తుంది.

ఆ పాత లైట్లకి ఒక భాష ఉంది, అది నాకు చాలా ఇష్టం. లైటు ఆరిపోయి ఉంటే లైను ఖాళీ. నిలకడగా వెలుగుతుంటే ఎవరో మాట్లాడుతున్నారు. నిమిషానికి 60 సార్లు, సమంగా వెలిగి ఆరుతుంటే కాల్ వస్తోంది. నిమిషానికి 120 సార్లు, ఎక్కువసేపు వెలిగి ఒక్క క్షణం ఆరుతూ కనురెప్ప కొట్టినట్టుంటే ఎవరో హోల్డ్‌లో ఉన్నారు. చూపు కాస్త పక్కకి తిప్పితే చాలు, ఐదు లైన్ల పరిస్థితీ తెలిసిపోతుంది, చెవిన పడాల్సిన పనే లేదు. ఇప్పటి ఫోన్లలో వేగాలు, రంగులు కంపెనీని బట్టి మారతాయి, నా కాల్ అయితే ఆకుపచ్చ, పక్కవాళ్లదైతే ఎరుపు లాంటి తేడాలు కూడా కనిపిస్తాయి, కానీ ఈ నాలుగు స్థితులూ మాత్రం అలాగే ఉన్నాయి. కొత్త ఫోన్ ముందు కూర్చుంటే నేను ముందు నేర్చుకునేది ఈ నాలుగూ ఎలా కనిపిస్తాయో.

ఇక ఆఫీసు ఫోన్లలో రెండు పెద్ద జాతులున్నాయి. ఒకటి ఇప్పుడు చెప్పిన కీ సిస్టమ్, అందులో ప్రతి ఫోన్ మీదా అన్ని లైన్లూ కనిపిస్తాయి, ఖాళీగా ఉన్నది చూసి మనమే నొక్కుతాం. రెండోది పీబీఎక్స్, అంటే ఆఫీసు లోపలే ఉండే సొంత ఎక్స్‌ఛేంజ్, అందులో మనకి లైన్లు కనిపించవు, 9 గానీ 0 గానీ నొక్కి బయటి నంబరు కొడితే మెషీనే ఖాళీ లైను వెతికి ఇస్తుంది. చిన్న ఆఫీసుకి మొదటిది హాయిగా ఉంటుంది, మనుషులు పెరిగితే రెండోదే దిక్కు. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందంటే, కీ సిస్టమ్‌కి అలవాటుపడినవాళ్లు పీబీఎక్స్ ఉన్న ఆఫీసుకి వచ్చి కాల్ హోల్డ్‌లో పెట్టి "మూడో లైన్లో మీకు కాల్ ఉంది" అని కేకేస్తారు, అవతలి గదిలో మనిషి ఫోన్ మీద మూడో లైను ఎక్కడా కనిపించదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కాల్స్ పోయేది ఎక్కువగా ఇక్కడే.

కీ సిస్టమ్‌లో హోల్డ్ అంటే కాల్‌ని లైను మీద పెట్టడం. ఆ లైను అందరి ఫోన్ల మీదా ఉంది కాబట్టి ఎవరైనా ఆ బటన్ నొక్కి తీసుకోవచ్చు. అలా వేరేవాళ్లు తీయకూడదనుకుంటే కొన్ని సిస్టమ్స్‌లో మనకి మాత్రమే దొరికే హోల్డ్ విడిగా ఉంటుంది. పీబీఎక్స్‌లో హోల్డ్ అంటే కాల్ నా ఫోన్ దగ్గరే ఆగి ఉండటం, మామూలుగా నేను తప్ప ఇంకొకరు తీయలేరు. మరి నా సీటు దగ్గర మొదలుపెట్టిన కాల్‌ని స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి అక్కడి ఫోన్‌లో కొనసాగించాలంటే? దానికే పార్క్ ఉంది. పార్క్ నొక్కితే కాల్ ఒక నంబరున్న గూట్లోకి వెళుతుంది, ఫోనే ఆ నంబరు చెబుతుంది, 701 అనుకోండి, ఏ ఫోన్ నుంచైనా 701 కొడితే ఆ మనిషి మళ్లీ మన చెవిలో ఉంటారు. పార్క్ చేసిన కాల్‌ని ఎవరూ తీయకపోతే కొంతసేపటికి పార్క్ చేసినవాళ్ల ఫోన్‌కే తిరిగి మోగేలా సాధారణంగా సెట్ చేసి ఉంచుతారు. ఆ సమయం ఎంతో మన సిస్టమ్‌లో కనుక్కుని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే పార్క్ చేసి టీకి వెళ్లిపోతే ఆ కాల్ ఖాళీ కుర్చీ దగ్గర మోగుతుంది.

హోల్డ్‌కీ మ్యూట్‌కీ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. మ్యూట్ నొక్కితే మన మైకు ఒక్కటే ఆగుతుంది, కాల్ ఇంకా మన చేతిలోనే ఉంది, అవతలివాళ్ల మాట మనకి వినిపిస్తూనే ఉంటుంది, వాళ్లకి మాత్రం నిశ్శబ్దం. ఫోన్ కట్ అయిందేమో అని వాళ్లు "హలో హలో" అనేది అందుకే. కొన్ని క్షణాలకి మించి పక్కకి తిరగాలంటే హోల్డ్ నొక్కండి, కనీసం పాట వినిపిస్తే తాము ఇంకా లైన్లో ఉన్నామని వాళ్లకి తెలుస్తుంది. ఈ హోల్డ్ సంగీతానికి కూడా చరిత్ర ఉంది, ఆల్ఫ్రెడ్ లెవీ అనే అమెరికన్‌కి 1966లో దీని మీద పేటెంట్ వచ్చింది. ఆయన ఫ్యాక్టరీలో ఒక ఫోన్ తీగ ఇనుప దూలానికి తగిలి, పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు లైన్లో వినిపించడంతో ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు.

ట్రాన్స్‌ఫర్‌లో రెండు రకాలు. ట్రాన్స్‌ఫర్ నొక్కి, నంబరు కొట్టి, వెంటనే వదిలేయడం ఒకటి, దాన్ని బ్లైండ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ట్రాన్స్‌ఫర్ నొక్కి, నంబరు కొట్టి, అవతలివాళ్లు ఎత్తాక "ఫలానా ఆయన లైన్లో ఉన్నారు, బిల్లు విషయం, రెండుసార్లు చేశారట" అని చెప్పి, వాళ్లు సరేనన్నాక మళ్లీ ట్రాన్స్‌ఫర్ నొక్కి కలపడం రెండోది. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, బయటి మనిషి కాల్ అయితే రెండోదే చేయాలి. ఇరవై సెకన్లు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ బ్లైండ్‌గా పంపితే కాల్ ఎవరి చేతిలో పడిందో మనకి తెలియదు, ఆ సీట్లో మనిషి లేకపోవచ్చు, వాయిస్‌మెయిల్ నిండిపోయి ఉండొచ్చు, ఆ మనిషి తన సమస్య మొత్తం మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవాల్సి రావచ్చు. అకౌంట్స్ వాళ్లు ఎత్తకపోతే క్యాన్సిల్ నొక్కి ఆయన దగ్గరికే తిరిగి వచ్చి "వాళ్లు సీట్లో లేరు సర్, మీ నంబరు రాసుకుని నేనే చేయిస్తాను" అని చెప్పొచ్చు. ఆ రోజు నేను కట్ చేసినాయనకి చేయాల్సింది ఇదే.

పక్క సీటు మనిషి ఫోన్‌లో ఉన్నారా లేదా అని చూపించే లైట్లని బీఎల్ఎఫ్ అంటారు. లైను లైటు లైను గురించి చెబుతుంది, బీఎల్ఎఫ్ లైటు మనిషి గురించి చెబుతుంది. ఆ లైటు ఖాళీ చూపిస్తే ట్రాన్స్‌ఫర్ చేయడంలో అర్థముంది, బిజీ చూపిస్తే ముందే బయటివాళ్లకి చెప్పేయొచ్చు. రిసెప్షన్ ఫోన్ కొనేటప్పుడు ఖర్చు పెట్టాల్సింది ఈ లైట్ల మీదే అంటాను, పెద్ద కలర్ స్క్రీన్ మీద కాదు. ఎవరూ లేని సీట్లో ఫోన్ మోగుతుంటే లేచి వెళ్లకుండా మన ఫోన్ నుంచే ఎత్తడానికి పికప్ ఉంది, ఒక కోడ్ గానీ ఆ మెరిసే బటన్ గానీ నొక్కితే చాలు.

ఎన్ని లైన్లు కావాలన్నది అందరూ అంచనాతో తేల్చేస్తారు, దీనికి లెక్క ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణిత శాస్త్రవేత్త 1917లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతారు. రద్దీ గంటలో 40 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 120 నిమిషాల మాటలు, అంటే రెండు గంటలు ఒక గంటలో జరగాలి. రెండు లైన్లు చాలుతాయని అనిపిస్తుంది. చాలవు. కాల్స్ క్యూలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, మూడు ఒకేసారి వచ్చి పది నిమిషాలు ఏదీ రాకపోవచ్చు. ఆ సూత్రం ప్రకారం రెండు లైన్లుంటే 100 కాల్స్‌లో 40కి ఎంగేజ్ వస్తుంది. మూడుంటే 21కి, నాలుగుంటే 9 లేదా 10కి, ఆరుంటే ఒక్కదానికి కాస్త పైన. రెండు నుంచి నాలుగుకి వెళితే ఎంత మార్పో చూడండి. పైగా ఇది ఎంగేజ్ వచ్చినవాళ్లు మళ్లీ చేయరని అనుకుని వేసిన లెక్క, నిజంలో వాళ్లు వెంటనే మళ్లీ చేస్తారు, రద్దీ ఇంకా పెరుగుతుంది.

లైన్లు ఊరికే తినేసే పనులు కూడా కొన్నున్నాయి. బయటి కాల్‌ని ఆఫీసు సిస్టమ్ ద్వారా ఎవరి మొబైల్‌కో ఫార్వర్డ్ చేస్తే లోపలికి వచ్చిన లైను ఒకటి, బయటికి వెళ్లే లైను ఒకటి, మాట అయ్యేదాకా రెండూ బిజీనే. ఇద్దరు బయటివాళ్లని కాన్ఫరెన్స్‌లో కలిపినా అంతే. నాలుగు లైన్ల ఆఫీసులో ఇద్దరు మేనేజర్లు ఫార్వర్డింగ్ పెట్టుకుని వెళితే చాలు, రిసెప్షన్ చేతులు కట్టేసినట్టే. ఫార్వర్డింగ్‌లో ఎప్పుడూ, బిజీగా ఉంటే, ఎత్తకపోతే అని మూడు రకాలుంటాయి, మొదటిది పెట్టి తీయడం మర్చిపోవడం చాలా మామూలు విషయం, సెలవు నుంచి వచ్చాక "నాకు కాల్సే రావడం లేదు" అనేవాళ్ల ఫోన్‌లో ముందు అదే చూడండి. కాల్స్ మోగకుండా ఆపేసే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) కూడా.

ఇప్పుడు కొత్తగా పెట్టేవి ఎక్కువగా ఇంటర్నెట్ తీగ మీద నడిచే ఐపీ ఫోన్లు. వాటి మధ్య కాల్స్ కలిపే సిప్ అనే పద్ధతి ఇప్పటి రూపం 2002లో ఖరారైంది. వీటిలో లైను అనే మాటకి అర్థమే మారిపోయింది, ఇది తెలియక చాలామంది తికమకపడతారు. ఫోన్ మీద లైను కీ అంటే గోడలోంచి వచ్చిన తీగ కాదు, సర్వర్‌లో ఒక ఖాతా, లేదా ఒక కాల్ కూర్చోవడానికి ఒక చోటు. ఒకే నంబరుకి మూడు కీలు ఇచ్చుకుంటే ఆ నంబరుకి ఒకేసారి మూడు కాల్స్ పట్టుకోవచ్చు. బయటివాళ్లతో ఎంతమంది ఒకేసారి మాట్లాడగలరన్నది కీల సంఖ్య తేల్చదు, సర్వీసు ఇచ్చేవాళ్ల దగ్గర మనం తీసుకున్న ఛానెళ్లు తేలుస్తాయి. 12 కీలున్న ఫోన్ కొని నాలుగు ఛానెళ్లే తీసుకుంటే ఐదో కాల్ రాదు. మాట నాణ్యత కోసం ఎక్కువగా వాడే జీ.711 పద్ధతిలో ఒక్కో కాల్‌కి అటూ ఇటూ దాదాపు 90 కిలోబిట్లు పడుతుంది, పది కాల్స్‌కి ఒక మెగాబిట్ లోపే, అంటే పెద్ద భారం కాదు. కానీ అదే ఇంటర్నెట్ మీద ఎవరో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుంటే మాటలు ముక్కలుముక్కలుగా వినిపిస్తాయి. అందుకే రౌటర్‌లో మాటకి మొదటి వరస ఇవ్వాలి.

కరెంటు గురించి కూడా ముందే ఆలోచించాలి. పాత సాదా ఫోన్‌కి ఎక్స్‌ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఆఫీసులో కరెంటు పోయినా మోగేది. ఐపీ ఫోన్ సాధారణంగా నెట్‌వర్క్ స్విచ్ (ఫోన్లనీ కంప్యూటర్లనీ కలిపే పెట్టె) నుంచి కరెంటు తీసుకుంటుంది, స్విచ్ ఆగితే అన్ని ఫోన్లూ ఒకేసారి మూగబోతాయి. కంప్యూటర్లకి యూపీఎస్ పెట్టి స్విచ్‌కీ రౌటర్‌కీ పెట్టని ఆఫీసులు నేను చూశాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. బయటి లైను కోసం ముందు 9 నొక్కాలని చెప్పాను కదా. 2013లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు, ఇంట్లో నేర్పినట్టే, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి నాలుగుసార్లు ఫోన్ చేసింది. కాల్ వెళ్లలేదు. ఆ ఫోన్‌లో ముందు ఇంకో 9 నొక్కాలి, ఆ పాపకి అది తెలియదు. తల్లి కేరీ ప్రాణం దక్కలేదు. ఆమె తండ్రి పోరాడితే 2018లో ఆమె పేరు మీదే కేరీ చట్టం వచ్చింది, కొత్తగా పెట్టే మల్టీలైన్ సిస్టమ్స్‌లో 911 నేరుగా వెళ్లాలి, కాల్ వెళ్లగానే రిసెప్షన్‌కో సెక్యూరిటీకో తెలియాలి. ఈ రూలు 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ అమల్లో ఉంది. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, మీ సిస్టమ్ పెట్టినవాళ్లని అడగండి: మా ఎమర్జెన్సీ నంబరు ముందు ఏ అంకే లేకుండా కొడితే వెళుతుందా? వెళ్లదంటే వెళ్లేలా చేయించండి, అది సాధారణంగా సెట్టింగుల్లో మార్చగలిగే పని. అది పూర్తయ్యేదాకా ప్రతి ఫోన్ మీదా చీటీ అంటించండి. కాల్ వెళ్లినప్పుడు ఏ చిరునామా చేరుతుందో కూడా అడగండి, ఐపీ ఫోన్‌ని ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి మార్చినా రికార్డులో పాత చిరునామానే ఉండిపోవచ్చు.

ఆటో అటెండెంట్, అంటే కాల్ ఎత్తి ఏ అంకె నొక్కాలో చెప్పే రికార్డు గొంతు, దాని గురించి ఒక్క మాటే. "అకౌంట్స్ కోసం 2 నొక్కండి" అనాలి, "2 నొక్కండి, అకౌంట్స్ కోసం" అనకూడదు, ఎందుకంటే ఏం కావాలో విన్నాకే మనిషి అంకె గుర్తుపెట్టుకుంటాడు. నాలుగైదుకి మించి ఎంపికలు వద్దు, మనిషితో మాట్లాడే దారి మొదటి మెనూలోనే ఉండాలి.

కొత్తగా ఎవరైనా మా డెస్క్‌కి వస్తే నేను మాన్యువల్ చేతికివ్వను. నా మొబైల్ నుంచి రెండో లైనుకి చేస్తాను. ఎత్తమంటాను, హోల్డ్‌లో పెట్టమంటాను, అప్పుడే ఇంకొకరితో మొదటి లైనుకి చేయిస్తాను. రెండిటి మధ్యా అటూ ఇటూ మారమంటాను. తర్వాత నన్ను పార్క్ చేయమని చెప్పి, మొబైల్ చెవి దగ్గర పెట్టుకునే లోపలి గదిలోకి నడుస్తాను, అక్కడి ఫోన్ ఎత్తి 701 కొట్టి నా మొబైల్‌తో నేనే మాట్లాడతాను. మధ్యమధ్యలో గట్టిగా అడుగుతుంటాను, "నేను ఇప్పుడు ఎక్కడున్నాను?" మొదట్లో తడబడతారు, ఫోన్ వైపు చూస్తారు, నా వైపు చూస్తారు. పది నిమిషాలయ్యేసరికి తల ఎత్తకుండానే "పార్క్‌లో ఉన్నారు, ఇంకో అర నిమిషంలో నా దగ్గరికే తిరిగొస్తారు" అని చెబుతారు. అప్పుడు హెడ్‌సెట్ వాళ్లకిచ్చి నా సీటుకి వెళ్లిపోతాను.